తిరుమల్ నేర్చిన బాట

తిరుమల్ ఆ రోజు కాజీపేట నుంచి గూడ్సు బండి తెచ్చి సనత్‌నగర్ యార్డులో నిలబెట్టాడు. ఇంజన్ దిగి, టిఫిన్ డబ్బా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని, అసిస్టెంటుతో చాయ్ తాగి లాలాగూడలోని ఇంటికి వచ్చాడు. బండి నడపడం అదే ఆఖరుసారి అని అతనికి అప్పుడు తెలియదు.

తరువాతి వారం రైల్వే ఆసుపత్రిలో వైద్య పరీక్ష. బండి నడిపేవాళ్లందరికీ కొన్నేళ్లకొకసారి తప్పకుండా ఉండేదే. బీపీ చూశారు, షుగర్ చూశారు. గోడ మీది అక్షరాలను ఆఖరి వరుస దాకా గడగడ చదివేశాడు. అయినా కంటి డాక్టరమ్మకు ఏదో అనుమానం వచ్చింది. లోపలి గదిలోకి తీసుకుపోయి, పెద్ద తెల్ల గిన్నెను నిలబెట్టినట్టున్న మిషన్ ముందు కూర్చోబెట్టింది. నడుమ ఉన్న చుక్కనే చూస్తూ ఉండమంది. చుట్టూ ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కమంది. తిరుమల్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఆ తరువాత చాలాసేపు ఏ వెలుగూ రాలేదు.

“మిషన్ ఖరాబైనట్టుంది మేడం. చుక్కలు వస్తలేవు,” అన్నాడు.

చుక్కలు వస్తూనే ఉన్నాయి. పైన, కింద, పక్కల, గిన్నె నిండా వస్తున్నాయి. అతనికి కనబడుతున్నవి నడిమధ్య ఉన్నవే.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. కంటి లోపలి పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తుంది. మొదట చీకట్లో చూపు పోతుంది, తరువాత పక్క చూపు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది. అది ఎన్నేళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పుట్టుకతోనే ఒంట్లో ఉండే జబ్బు, మందు లేదు. ఆమె చెబుతుంటే తిరుమల్‌కు ఒకటొకటే గుర్తుకొచ్చాయి. గుమ్మానికి భుజం తగలడం, పక్కన పెట్టిన చాయ్ గ్లాసు చెయ్యి తగిలి ఒలకడం, సినిమా హాల్లో సీటు దొరకక తడుముకోవడం. “జెర చూసి నడువ్” అని భార్య వసుధ ఎన్నిసార్లు విసుక్కుందో. తన పరధ్యానమే అనుకున్నాడు.

అంతటితో ఇంజన్ ఎక్కడం బందైంది. జీతం తగ్గకుండా వర్క్‌షాప్ స్టోర్స్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. అదృష్టవంతుడివి, ఎండా వానా లేని ఉద్యోగం అన్నారు తెలిసినవాళ్లు. తిరుమల్ వాదించలేదు. నాలుగైదు వందల మంది ప్రాణాలో, వేల టన్నుల సరుకో వెనక పెట్టుకుని నడిపేవాడికి చూపు సరిగా లేకపోతే దించేయాల్సిందే. ఆ రూలు అతను ఒప్పుకునేదే. రాత్రి పూట దూరంగా ఇంజన్ హారన్ వినిపిస్తే మాత్రం అన్నం దగ్గర చెయ్యి కాసేపు ఆగేది.

బండి పోయిందంటే ఓర్చుకున్నాడు. ఆదివారం నడక పోతుందంటే ఓర్చుకోలేకపోయాడు.

ఆ నడక రిచర్డ్ సార్ మొదలుపెట్టింది. రిచర్డ్ రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. రాంగోపాల్‌పేట్‌లో ఉంటాడు. ఆదివారం సాయంత్రం చర్చికి వెళతాడు, పొద్దున మాత్రం కొండా గుట్టా తిరగాల్సిందే. అతని వెంట పదిమంది దాకా జమయ్యారు. యాప్రాల్ దాటి ఆటోలు ఆగిపోయే చోట దిగితే వాళ్ల బాట షురూ అవుతుంది. మొదట మోకాలెత్తు ఎండుగడ్డి, తంగేడు పొదలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుండ్లు. ఆ మెట్ట దాటితే అడవి. సీతాఫలం, మోదుగు, చండ్ర, నడుమ నడుమ ఫారెస్టువాళ్లు నాటిన నీలగిరి. అడవి దాటితే ఒక్కసారిగా ఆకాశం విప్పుకున్నట్టు గుండ్ల చెరువు. చెరువు కట్ట మీద నడిచి, నీళ్లు పొర్లిపోయే మత్తడి దాటి, అవతలి ఒడ్డున తిరిగి రోడ్డు ఎక్కాలి. ఒక పూట నడక.

తిరుమల్ డ్యూటీ లేని ఆదివారం ఎప్పుడూ తప్పలేదు. రాత్రంతా బండి నడిపి వచ్చి, మొహం కడుక్కుని అట్నుంచి అటే పోయిన రోజులున్నాయి. ఇంజన్‌లో కూర్చుని చూసిన నేలంతా అతనికి పక్కనుంచి పరుగెత్తి పోయిందే. కాలితో తొక్కి, ఆగి, చూడబుద్ధైన చోట చూసిన నేల ఇదొక్కటే.

కుర్చీ ఉద్యోగంలో చేరిన కొద్ది వారాలకు ఆ బాట మీదే ఒక సంగతి జరిగింది. గుండ్ల మధ్య దిగుతున్నారు. బృందంలో మాధురి అని బ్యాంకులో పనిచేసే అమ్మాయి, తిరుమల్‌కు కుడిపక్క కొంచెం ముందు నడుస్తోంది. ఆమె షూ లేసు కట్టుకుందామని కూర్చుంది. కూర్చున్న మనిషి తిరుమల్ చూపులోంచి పూర్తిగా మాయమైపోయింది. అతను మామూలుగా అడుగేసి, ఆమె మీద తూలి పడ్డాడు. ఇద్దరూ బండ మీద జారారు. మాధురి మణికట్టు విరిగింది.

“నీ తప్పు కాదన్నా, నేనే దారిలో కూసున్న,” అని ఆమె ఆటోలో ఆసుపత్రికి పోతూ కూడా చెబుతూనే ఉంది. తిరుమల్ ఆమె వాచిన చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ బుధవారం రిచర్డ్ ఇంటికి వచ్చాడు. వసుధ చాయ్ పెట్టింది. ఆమె ఇంటి ముందు గదిలో చీరలకు ఫాల్, పికో కుట్టే మిషన్ నడుపుతుంది. అక్కడే స్టూలు మీద కూర్చుని రిచర్డ్ గ్లాసు తిప్పుతూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

“చెప్పుండ్రి సార్,” అన్నాడు తిరుమల్. “మీరు వచ్చిన పని నాకు తెలుసు.”

“మనవాళ్లు భయపడుతున్నారు తిరుమల్. నీ గురించే భయం. అక్కడ ఒక పక్క క్వారీ గుంత ఉంది, ఇంకో పక్క చెరువు. నీకేదైనా అయితే నేను వసుధమ్మకు ఏం జవాబు చెప్పాలి? కొన్నాళ్లు పార్కులో నడువు. సఫిల్‌గూడ చెరువు చుట్టూ చక్కగా టైల్స్ వేశారు...”

“అన్న చెప్పిందే నిజం,” అంది వసుధ లోపలినుంచి.

తిరుమల్ లేచి నిలబడ్డాడు. రిచర్డ్‌ను గేటు దాకా సాగనంపాడు. తిరిగి వస్తూ తలుపు చెక్కకు భుజం గుద్దుకున్నాడు. ఆ నొప్పికి అతనికి మొదటిసారి కోపం వచ్చింది. రిచర్డ్ మీదా కాదు, మాధురి మీదా కాదు. టైల్స్ మీద.

తరువాతి ఆదివారం, బృందం నడక ముగిసే వేళకు, కూరగాయలకు పోతున్నా అని చెప్పి ఒక్కడే యాప్రాల్ బస్సెక్కాడు. తెలిసిన బాటే కదా, నిదానంగా పోతే చాలు అనుకున్నాడు. మెట్ట మీద ఎండ బాగా ఉంది, కనబడుతూనే ఉంది. ధైర్యం వచ్చింది. ధైర్యం రాగానే నడక వేగమైంది. ఒక పొద పక్కనుంచి తిరిగేసరికి కాలి కింద నేల లేదు. అది పాత క్వారీ అంచు. అతని అదృష్టం, అక్కడ గుంత నిట్టనిలువుగా లేదు. రాళ్లూ మట్టీ కలిసి ఏటవాలుగా ఉన్న చోట జారి, నడుమ ఒక తుమ్మ చెట్టుకు తట్టుకుని ఆగాడు. పిక్క చీరుకుపోయింది. ఫోను ఎక్కడో పడింది. లేచి చుట్టూ చూస్తే చిన్న గుండ్రటి రంధ్రంలోంచి ఒక రాయి, మళ్లీ ఒక రాయి. ఎటునుంచి వచ్చాడో తెలియలేదు.

కేక వేశాడు. వేస్తూనే ఉన్నాడు. గొంతు పోతున్నప్పుడు పైనుంచి మేకల గంటలు, ఒక ముసలి గొంతు వినిపించాయి.

“ఎవలయ్యా గది? తాగినవా ఏంది?”

“లేదమ్మా. నాకు కండ్లు సక్కగ కనవడయి.”

అలా బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. ఎల్లమ్మ అనే ఆ మేకలామె కర్ర కిందికి అందించింది. “గిట్ల పట్టుకో కొడుకా. కుడికాలు పైన పెట్టు. ఇంక పైన. ఆఁ.” పైకి వచ్చాక కొంగు చింపి పిక్కకు కట్టింది. మేకల వెనక రోడ్డు దాకా నడిపించుకొచ్చి ఆటో ఎక్కించింది. “ఒక్కనివి రాకు. నాకు కండ్లు మంచిగున్నయ్, అయినా నేను సుత మేకలు లేంది ఒక్కదాన్ని రాను,” అంది.

వసుధ గాయం కడిగింది. టింక్చర్ రాసింది. కట్టు కట్టింది. కట్టు ముడి వేశాక అప్పుడు అంది.

“కూరగాయలు ఏవి?”

తిరుమల్ తల వంచుకున్నాడు.

“నడవకు అని నేను ఎన్నడన్నా అన్ననా? రాత్రి డ్యూటీ చేసి పోయినా అనలే. అబద్ధం చెప్పి పోయినవ్ చూడు, గది నేను సైసను. పోవాలంటే చెప్పి పో. పోయేటట్టు నేర్చుకొని పో.”

“నేర్చుకుంటే పోనిస్తవా?”

“నేర్చుకో ముందుగాల.”

ఆ నేర్చుకోవడం హదస్సా దగ్గర మొదలైంది. చూపు తగ్గినవాళ్లకు తెల్ల కర్రతో నడక నేర్పే చిన్న కేంద్రం ఒకటి ఉందని డాక్టరమ్మే చెప్పింది. హదస్సా అక్కడ టీచరు. ముప్పై ఏళ్లుంటాయి. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తిరుమల్ చేతిలో మడత కర్ర పెట్టి, అతను దాన్ని విప్పకుండా వేళ్లతో నలుపుతుంటే ఆ చప్పుడు విని నవ్వింది.

“సిగ్గుగా ఉందా తిరుమల్ గారూ?”

“నాకు ముందర కనవడతది మేడం. పేపర్ సుత చదువుత. ఇది పట్టుకుంటే జనం ఏమనుకుంటరు?”

“పట్టుకుంటే కళ్లు కనబడవేమో అనుకుంటారు. పట్టుకోకుండా వాళ్లకు గుద్దుకుంటే తాగాడనుకుంటారు. మీకు ఏది ఇష్టమో మీరే చూసుకోండి.”

మేకలామె అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చి తిరుమల్ కర్ర విప్పాడు.

కేంద్రం వరండాలో నడవడం తేలికే. లాలాగూడ గల్లీలో నడవడమే కష్టమైంది. ఆ గల్లీలో అతను డ్రైవర్ సాబ్. మొదటి రోజు ఇంటి గుమ్మంలో నిలబడి కర్ర విప్పేటప్పటికి చెమట పట్టింది. కర్ర కొస నేల మీద టక్ టక్ అంటూ అటూ ఇటూ పోతుంటే, ఇస్త్రీ బండి దగ్గర కిషన్ పెట్టె పక్కన పెట్టి బయటికి వచ్చాడు. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు.

“ఏందన్నా, ఈ కట్టె ఏంది?”

“పక్కల చూపు పోయింది కిషన్. నువ్వు పక్కనుంచి వస్తే నాకు కనవడవు. జెర పిలువు.”

కిషన్ సరే అన్నాడు. మరునాటి నుంచి ఎదురైనప్పుడల్లా “అన్నా, నేను కిషన్‌ను” అని అరవడం మొదలుపెట్టాడు. వారం తిరక్కముందే గల్లీ అంతా అదే నేర్చుకుంది. తిరుమల్ అంతగా భయపడ్డ తంతు అంతటితో అయిపోయింది.

ఇక బాట సంగతి. కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే ఏ డ్రైవర్‌నూ నేరుగా పంపరు. ముందు ఆ దారి తెలిసినవాళ్ల పక్కన ఇంజన్‌లో నిలబడి పోవాలి, రావాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ మలుపు, ఏ వంతెన దగ్గర వేగం తగ్గించాలి, అన్నీ ఒంటికి పట్టేదాకా పోవాలి. దాన్ని రోడ్డు నేర్వడం అంటారు. పగలు నేర్చి, రాత్రి నేర్చి, తెలిసిందని సంతకం పెట్టాకే బండి చేతికిస్తారు. గుండ్ల చెరువు బాటను కూడా అట్లాగే నేర్వాలని తిరుమల్ నిశ్చయించుకున్నాడు. పక్కన నిలబడటానికి ఒక మనిషి కావాలి.

“నేనా?” అంది వసుధ. “మార్కెట్ దాకా పోతేనే నా మోకాళ్లు గుంజుతయి. ముండ్లలోకి, గుండ్లలోకి నేను వస్తనా?”

“ఒక్కసారి రా. నచ్చకుంటే మల్ల అడగ.”

ఆదివారం, బృందం నడిచి వెళ్లిపోయాక ఇద్దరూ బయలుదేరారు. ఆమె చెప్పులతోనే వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ప్రతి తంగేడు కొమ్మనూ తిట్టుకుంటూ మెట్ట ఎక్కింది. అతను కర్రతో ముందు, ఆమె అడుగు వెనక. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. కనబడిన ప్రతిదానికీ “ఆగు! ఆగు!” అని అరిచింది. చిన్న రాయికి ఆగు, ఎండు కొమ్మకు ఆగు, తొండ పరుగెత్తితే ఆగు. గుండ్ల దాకా కూడా పోకుండానే ఇద్దరికీ పరేషాన్ అయింది.

తిరుమల్ ఒక బండ మీద కూర్చుని ఆమెను పక్కన కూర్చోమన్నాడు. “ఇను. ఇంజన్‌ల అసిస్టెంట్ సిగ్నల్ చూసి పైకి చెప్తడు. నేను చూసి మల్ల చెప్త. ఇద్దరం అంటేనే పక్కా. నువ్వు గట్లనే చెప్పు. ఎడమ రాయి అంటే నేను ఎడమ రాయి అంట. మెట్టు అంటే మెట్టు అంట. ఆగు అన్నవంటే అది ఎర్ర సిగ్నల్. ఎర్ర సిగ్నల్ ఊకె ఇయ్యద్దు. ఇస్తే మాత్రం నేను ఏం అడగకుండ ఆగుత.”

“తొండ వస్తే?”

“తొండ దాని తొవ్వన అది పోతది.”

వసుధకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో రెండో సగం కొంచెం బాగా జరిగింది. ఇంటికి వచ్చాక కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని, వచ్చే ఆదివారానికి షూ కొనాలి అంది. తిరుమల్ ఏమీ ఎరగనట్టు తల ఊపాడు.

మెట్ట త్వరగానే పట్టుబడింది. ఎండలో అతనికి ముందున్నది కనబడుతుంది. పక్కలవి కర్రా, వసుధా చెబుతారు. ఇల్లంత గుండు దగ్గర కుడికి తిరగాలి. పాదం కింద మట్టి పోయి బండ తగిలితే దిగుడు మొదలైనట్టు. క్వారీ వైపు గాలి వేరుగా, ఖాళీగా తగులుతుంది. అక్కడ ఎడమ పక్కనే ఉండాలి. ఈ గుర్తులన్నీ అతను వర్క్‌షాప్ కుర్చీలో కూర్చుని కూడా లోపల్లోపల నడుచుకునేవాడు.

అడవి మాత్రం లొంగలేదు. ఎండలోంచి చెట్ల నీడలోకి అడుగు పెట్టగానే అతనికి చీకటి గుమ్మరించినట్టు అయ్యేది. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు నేల మీద కదులుతుంటే ఏది వేరో, ఏది నీడో తెలిసేది కాదు. ఎండుటాకుల మీద కర్ర జారిపోయేది. అడవి అంచున నిలబడి కాసేపు కళ్లు మూసుకుని, కళ్లను చీకటికి అలవాటు చేసి లోపలికి పొమ్మని హదస్సా చెప్పింది. వసుధ మోచేయి పట్టుకుని, అరడుగు వెనక నడవమంది. అది కొంత పనిచేసింది. అయినా పడేవాడు. ఒకసారి నీలగిరి వేరు తగిలి, వసుధను కూడా లాక్కుంటూ బోర్లా పడ్డాడు. ఆమె లేవలేదు. ఆకుల్లోనే కూర్చుని ఏడ్చింది.

“నాతోని కాదు. నువ్వు పడ్డప్పుడల్లా నా పానం పోతుంది. ఇంట్ల ఉండు. టీవీ చూడు. అందరు మగోళ్లు ఉంటలేరా?”

తిరుమల్ ఆమె పక్కన కూర్చున్నాడు. దూరంగా నెమలి ఒకటి అరిచి ఊరుకుంది.

“నాకు సుత భయమే వసుధా. పొద్దున లేవంగనే ఇవ్వాల ఎంత పోయిందో అని గోడ మూలలు చూస్త. నిన్న కనవడ్డ మూల ఇవ్వాల కనవడుతుందా అని. నడుస్తున్నంతసేపు ఆ ధ్యాస ఉండది. ముందటి అడుగు ఒక్కటే ఉంటది. అందుకే వస్త.”

డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచీ అతను భయం అన్న మాట ఎవరితోనూ అనలేదు. వసుధ ముక్కు తుడుచుకుంది. లేచి, అతని షర్టుకు అంటిన ఆకులు దులిపి, మోచేయి అందించింది. “వేరు,” అంది. “వేరు,” అన్నాడు తిరుమల్, కాలు ఎత్తి దాటుతూ.

ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. గడ్డి పచ్చబడింది. వర్క్‌షాప్‌లో అతను కర్రతోనే తిరిగాడు. ఆదివారాలు అడవి చివరి దాకా, తరువాత చెరువు కట్ట మీద సగం దాకా, తరువాత మొత్తం కట్టా నేర్చారు. కట్ట మీద నీళ్ల మెరుపుకు కళ్లు బైర్లు కమ్మేవి. వసుధ అంచు వెడల్పైన టోపీ తెచ్చి పెట్టింది. దసరా ముందు ఒక సాయంత్రం తిరుమల్ రాంగోపాల్‌పేట్ వెళ్లి రిచర్డ్ తలుపు తట్టాడు.

“సార్, నన్ను గ్రూపుల తీసుకోమని అడుగుతలేను. ఒక్కసారి నాతోని నడువుండ్రి. ఇన్స్‌పెక్టర్ ఇంజన్ ఎక్కి డ్రైవర్‌ను చూసినట్టు చూడుండ్రి. పనికిరాడంటే పార్కుకే పోత.”

రిచర్డ్ చాలాసేపు అతని చేతిలోని కర్రను చూశాడు. “ఆదివారం రా,” అన్నాడు.

ఆ ఆదివారం బృందమంతా వచ్చింది. మాధురి కూడా. తిరుమల్ మెట్ట ఎక్కుతుంటే వాళ్లు మాటలు తగ్గించి చూశారు. ‘ఎడమ రాయి’, ‘ఎడమ రాయి’ అని మొగుడూ పెళ్లాల పిలుపులు విని మొదట నవ్వుకున్నారు. అడవిలోకి వచ్చేటప్పటికి నవ్వు ఆగిపోయింది. అతను ఎక్కడా పడలేదు. నీడ అంచున ఆగి కళ్లు మూసుకుని, తనకు చాలినంత సేపు నిలబడ్డాడు. వెనక పదిమంది ఎదురుచూస్తున్నారని తొందరపడలేదు. చెరువు కట్ట ఎక్కగానే రిచర్డ్ దగ్గరకు వచ్చి భుజం తట్టాడు.

“బాగుంది తిరుమల్. చాలా బాగుంది. ఇక మత్తడి ఒక్కటే.”

ముందు రోజు రాత్రి ఎక్కడో గట్టిగా వాన పడింది. చెరువు నిండి, మత్తడి రాళ్ల మీదుగా నీళ్లు పొర్లుతున్నాయి. లోతు ఎక్కువ లేదు, చీలమండ దాకా వస్తుంది. బృందంలో వాళ్లు షూ విప్పి, ప్యాంట్లు మడిచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వుతూ దాటేశారు. అవతలి నుంచి “రా అన్నా, రా” అని పిలిచారు. రిచర్డ్ నీళ్లలో నిలబడి చెయ్యి చాపాడు.

“నేనున్నాను. చెయ్యి ఇవ్వు. నాలుగడుగులు వేస్తే అయిపోయింది.”

తిరుమల్ కర్ర నీళ్లలో ముంచాడు. కర్రను నీరు పక్కకు లాగింది. కొసతో రాతిని తాకి చూశాడు. పాచి. నీటి చప్పుడుకు వసుధ మాట కూడా సరిగా వినబడటం లేదు. ఇంత దూరం వచ్చాడు. అవతల అందరూ చూస్తున్నారు. దాటితే ఇక ఎవరూ అతన్ని ఏమీ అనరు. దాటాలని అతని కాళ్లు ఎంతగానో తహతహలాడాయి.

“లేదు సార్. ఇవ్వాల నేను ఇక్కడ ఆగుతున్న.”

“అరె, ఇంత దగ్గరకు వచ్చి?”

“నా కర్రకు ఈ నీళ్లు తెలియయి. నేను జారితే మీరు సుత జారుతరు. మీరు పోండ్రి. మేము వచ్చిన తొవ్వనే వాపస్ పోతం.”

చెప్పి వెనక్కి తిరిగాడు. వసుధ మోచేయి అందించింది. దాటినవాళ్లకు రోడ్డు దగ్గరే. వీళ్లకు మళ్లీ కట్ట, మళ్లీ అడవి, మళ్లీ మెట్ట. కట్ట మీద సగం దూరం పోయాక వెనక పరుగెత్తే చప్పుడు వినిపించింది. రిచర్డ్. షూ చేతిలో పట్టుకుని, తడిసిన ప్యాంటుతో రొప్పుతూ వచ్చాడు.

“నేను దాటించేద్దామనే చూశాను తిరుమల్,” అన్నాడు ఊపిరి తీసుకుంటూ. “నిన్ను అక్కడ నిలబెట్టాల్సింది నేను. నువ్వే ఆగావు.”

“బండి ఉరికిచ్చుడు కంటే నిలబెట్టుడే ఎక్కువ నేర్పుతరు సార్ మాకు.”

రిచర్డ్ వాళ్లతోనే మొత్తం దారి వెనక్కి నడిచాడు. మెట్ట దిగేటప్పుడు, వచ్చే ఆదివారం ఎన్ని గంటలకు కలవాలో ఎప్పటి గొంతుతోనే చెప్పాడు.

చలికాలంలో నీళ్లు తగ్గి మత్తడి ఎండింది. అప్పుడు తిరుమల్ వసుధతో రెండు ఆదివారాలు వచ్చి, ఆ పొడి రాళ్లను ఒక్కొక్కటిగా కర్రతో, పాదంతో తడిమి నేర్చుకున్నాడు. మూడోసారి బృందంతో కలిసి దాటాడు. అవతలి ఒడ్డున తుంగ మధ్యలోంచి, నీటికాకులు లేచిపోతుంటే ఆ రెక్కల చప్పుడు వింటూ, రోడ్డు దాకా నడిచాడు. బాట మొత్తం అయింది. మాధురి సీసాలోంచి నీళ్లు ఇచ్చింది. అతను తాగి, మొహం మీద కొన్ని చల్లుకుని, అక్కడి మైలురాయి మీద కూర్చున్నాడు. కన్నీళ్లు ఎవరికీ తెలియకుండా టోపీ ముందుకు లాక్కున్నాడు. వసుధకు తెలిసింది. ఆమె అటు తిరిగి షూలో ఇసుక దులుపుకుంది.

తరువాతి ఏడు పరీక్షలో గిన్నెలో చుక్కలు ఇంకా తగ్గాయి. పేపరు చదవడం కష్టమైంది. ఆఫీసులో కంప్యూటర్ అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు, తరువాత చదివి వినిపించే ఏర్పాటు పెట్టించుకున్నాడు. వానాకాలం ఆదివారాల్లో కట్ట మీది నుంచే వెనక్కి తిరుగుతాడు. మిగతా కాలమంతా మొత్తం బాట నడుస్తాడు. క్వారీ అంచున ముళ్లకంచె వేయించమని అతనూ రిచర్డూ ఆఫీసుల చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి చివరికి వేయించారు.

ఎవరూ అనుకోనిది వసుధ విషయంలో జరిగింది. ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు ఆమె ఆ గుట్టల సంగతి, చెరువు సంగతి చెబుతూ ఉండేది. ఒకామె మమ్మల్ని కూడా తీసుకుపో అక్కా అంది. ఇంకొకామె కూడా అంది. ఇప్పుడు శనివారం పొద్దున లాలాగూడ గల్లీ నుంచి ఆడవాళ్లు ఒక ఆటో నిండా బయలుదేరుతారు. వాళ్లకు ముందు నడిచేది వసుధే. ఆఫీసు సెలవున్న శనివారాల్లో తిరుమల్ కూడా వస్తాడు. ఆడవాళ్ల వెనక, ఆఖరున, తన కర్ర తనకు చెప్పేది వింటూ నడుస్తాడు.

మొన్న శనివారం మెట్ట మీద అతను తంగేడు పూల దగ్గర ఆగాడు. మధ్యలో మిగిలిన ఆ చిన్న చూపులో ఒక్క రెమ్మ పట్టింది. పసుపు బాగా కనబడింది. పూలను కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ఒక్కొక్కటే చూస్తున్నాడు. పైన గుండ్ల దగ్గరి నుంచి వసుధ గొంతు వచ్చింది.

“ఏందయ్యా, ఇంక గాడనే ఉన్నవా? ఎండ ఎక్కుతుంది, నడువు!”

“వస్తున్న,” అన్నాడు తిరుమల్. ఇంకో రెండు పూలు చూసి, కర్ర ముందుకు చాపి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు.